కార్డ్ బటన్ నొక్కితే అరేంజ్‌మెంట్ అవుతుందా?

ఈసారి గుడిలో త్యాగరాజ ఆరాధనకు పిల్లల ఆర్కెస్ట్రా పెడుతున్నాం. మంచిదే. కానీ అరేంజ్‌మెంట్ రాసేవాళ్ళకు తెలుగు అక్కర్లేదు, నోట్స్ వస్తే చాలు అని కమిటీలో ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోను. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. అరవై దాటాక, మీలాగే, అక్షరాలు దిద్దుకుంటున్నాను. అందుకే ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

‘నను పాలింప’ తీసుకోండి. త్యాగరాజస్వామి కృతి, మోహన రాగం. మోహనంలో ఐదే స్వరాలు: స రి గ ప ద. మ లేదు, ని లేదు. షడ్జం సీ అనుకుందాం. సాఫ్ట్‌వేర్‌లో కార్డ్ బటన్ నొక్కితే మామూలుగా వచ్చేవి సీ, ఎఫ్, జీ మేజర్ కార్డులు. ఎఫ్ కార్డులో మధ్యమం ఉంది. జీ కార్డులో నిషాదం ఉంది. రాగం వద్దన్న రెండు స్వరాల్నీ మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు! విన్నవాళ్ళు “బాగుంది, సినిమా పాటలా ఉంది” అంటారు. అదే నా బాధ.

కార్డులు లేకపోతే బోసిగా ఉంటుందంటారా? చెల్లోలో మంద్రంగా పలికే రెండు తీగలు సీ, జీ. అంటే స, ప. తంబురా అక్కడే ఉంది. వయోలా కూడా అంతే. బీ ఫ్లాట్ క్లారినెట్‌కు మాత్రం, సీ వినిపించాలంటే డీ అని రాయాలి. ఇది ఒక సాయంత్రంలో వచ్చే విద్య. గమకం ఎవరికి ఇవ్వాలో తెలియడానికి చాలా కాలం పడుతుంది. వయొలిన్ మీద వేలు జారుతుంది, పియానో మీద స్వరం జారదు. అలాంటి చోట పియానో ఊరుకోవాలి.

ఇక తెలుగు. ఫ్లూట్ వాయించే పాప ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? ఆ గుర్తు పెట్టేది అరేంజ్‌మెంట్ రాసేవాళ్ళే. బార్ గీత చూసి పెడితే ‘పా’ దగ్గర తెగి, ‘లింప’ ఒంటరిగా మిగలవచ్చు. పాలింప అంటే కాపాడడానికి అని తెలిసినవాళ్ళు అక్కడ తెంచరు. పాడేవాళ్ళు కూడా మాటను సాగదీస్తారు కదా అని ఆయన అన్నారు. తాళం కోసం సాగదీయడం వేరు, ఊపిరి కోసం తెంచడం వేరు.

పిల్లలకు కష్టమట. స్కూల్ బ్యాండులో ఆ పిల్లలే పేజీలకు పేజీలు నోట్స్ చదువుతున్నారు. రెండు మాటల అర్థం కష్టమా? వచ్చే రిహార్సల్‌లో వాయిద్యాలు పెట్టెల్లోంచి తీయకముందే పది నిమిషాలు పాడిస్తాను. కమిటీని అడగను.