అరువు తెచ్చుకొన్న శాంతి

2015లో తెలంగాణమునందు కల్తీ కల్లుపై ప్రభుత్వము కఠినచర్యలు గైకొన్నప్పుడు ఒక విపరీతము కనబడెను. ఆ కల్లు దొరకని జనులు తేరుకొనుటకు మారుగా వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రులలో చేరిరి. దీనికి కారణము కల్లు కాదు. అందు కలిపిన అల్ప్రజోలాము, డయజిపాము వంటి మందులు. ఆందోళనకును, నిద్రలేమికిని వైద్యులు వ్రాయు మాత్రలే ఇవి.

ఈ వర్గపు తొలిమందు లిబ్రియము 1960లోను, వేలియము 1963లోను అంగడికి వచ్చినవి. రోష్ సంస్థలో పనిచేసిన లియో స్టెర్న్‌బాక్ వీనిని కనుగొనెను. అంతకుముందున్న బార్బిట్యురేటులు మోతాదు మించినచో సులభముగ ప్రాణము తీయునవి. క్రొత్తవి అంతటి ప్రమాదకరములు కానందున వైద్యలోకము వీనిని ఆదరించెను. ఆ నమ్మికయే దీర్ఘకాలపు వాడుకకు దారితీసెను.

మెదడులో గాబా యను రసాయనము నాడుల ఉద్రేకమును అణచును. ఈ మాత్రలు దాని బలమును పెంచును. బయటి సాయము దినదినము వచ్చుచున్నచో మెదడు తన స్వంత కట్టడిని సడలించుకొనును. కావున తొలుత ఒక మాత్రతో పట్టిన నిద్ర క్రమముగా పట్టకపోవును. హఠాత్తుగా మానినచో అణగియున్న ఉద్రేకము ఇబ్బడియై లేచును. ఇది నీతిలోపము కాదు. వైద్యుడు చెప్పినట్లే మ్రింగినవారికిని కలుగవచ్చును.

బ్రిటనులో 1988లోనే ఈ మందులను రెండు మొదలు నాలుగు వారములకు పరిమితము చేయవలెనని ఔషధ భద్రతా సంఘము సూచించెను. 1982 నుండి 1994 వరకు న్యూకాసిలులో ఇట్టి రోగులకు ప్రత్యేక చికిత్సాశాల నడపిన హెదర్ ఆష్టను, మోతాదును నెలల తరబడి మెల్లగా తగ్గించుటయే మార్గమని చూపెను. అమెరికా ఔషధ నియంత్రణశాఖ 2020లో హెచ్చరికను మరింత తీవ్రము చేసెను.

మనదేశమున 2014 నుండి అల్ప్రజోలాము, డయజిపాములు హెచ్1 పట్టికలో నున్నవి. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. అమ్మకమును దుకాణదారుడు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. ఈ నిబంధన మందు చేతికందు త్రోవను కాయుచున్నదే గాని, దానినుండి బయటపడు త్రోవను చూపదు. ఆ పని వైద్యునిది. తొలి చీటీ వ్రాయునాడే ముగింపు తేదీని నిర్ణయించుట అతని ధర్మము; తనంతట తాను పెంచకుండుట, ఒక్కసారిగ మానకుండుట రోగి ధర్మము.

పరీక్షాభీతితో ఇంటిలోని పెద్దల మాత్రను మ్రింగు విద్యార్థి ఇంకొకటి ఎరుగవలెను. ఈ మందు భయముతోపాటు క్రొత్త విషయములను గుర్తుంచుకొను శక్తిని గూడ మందగింపజేయును. ఏ చదువుకొరకు శాంతిని కోరెనో, ఆ చదువునకే అది నష్టము కలిగించును.