అది దైవఘటన కాదు

1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ మట్టికట్ట తెగింది. 14 మైళ్ల దిగువన ఉన్న జాన్స్‌టౌన్ ఊరు కొట్టుకుపోయింది. మొత్తం 2,209 మంది చనిపోయారు. అది దైవఘటన అన్నారు. కట్ట యజమాని అయిన క్లబ్బును ఒక్క కోర్టూ తప్పుపట్టలేదు.

నేనొప్పుకోను. వాన దేవుడిదే, సరే. కట్ట ఎవరిది? పిట్స్‌బర్గ్ కోటీశ్వరులు పడవ షికార్లకూ చేపల వేటకూ పెట్టుకున్న క్లబ్బుది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కూడా అందులో సభ్యుడే. బండ్లు పోవాలని కట్ట ఎత్తు తగ్గించారు. పెంచుకున్న చేపలు పోతాయని అలుగుకు జాలీలు బిగించారు. అడుగున నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను పాత యజమాని ఎప్పుడో పీకేస్తే మళ్లీ వేయించలేదు. అంటే తూము లేని చెరువు! మన ఊళ్లలో బడి మొహం చూడని నీరుగంటి కూడా ఇలాంటి పని చేయనివ్వడు.

1880లోనే దిగువనున్న ఇనుప కంపెనీ ఇంజనీరు జాన్ ఫుల్టన్ కట్టను చూసి, గొట్టం లేదు, మరమ్మతు సరిగా లేదు అని రాశాడు. మీకేం భయం లేదని క్లబ్బు నుంచి జవాబొచ్చింది. భయం వాళ్లకెందుకు, వాళ్లుండేది పైన కదా!

అంత వానకు ఏ కట్టైనా తెగేదే అని కొందరంటారు. అలుగు తెరిచి, తూము పెట్టి, ఎత్తు తగ్గించకుండా ఉంచాక కూడా తెగి ఉంటే అప్పుడు ఆ మాట అనొచ్చు. చేపల్ని ఆపడానికి జాలీ కట్టినవాళ్లు నేరాన్ని దేవుడి మీదికి తోయడమేమిటి?