నడినెత్తి యెండ, నల్లబడిన మిద్దె

మే నెల నడిమి రోజులలో జుక్కల్ గ్రామమున మిట్టమధ్యాహ్నవేళ నిలువుగ పాతిన కర్రకు నీడ యుండదు. ఆ యూరు భూమధ్యరేఖకు ఉత్తరముగ పదునెనిమిది డిగ్రీలకు కొంచెము పైగా నున్నది. కావున సూర్యుడు ఉత్తరమునకు పోవుచు మే నడుమ నొకసారి, దక్షిణమునకు మరలుచు జూలై చివర మరొకసారి సరిగా నడినెత్తికి వచ్చును. జూలైలో మబ్బు అడ్డుపడును. మేలో అడ్డుపడునది ఇంటికప్పు మాత్రమే. ఎండకాలపు సూర్యుడు గోడలను బాధించుట ప్రొద్దుటను, సాయంకాలమునను. పగటి ముఖ్యభాగమంతయు ఆయన దెబ్బ కప్పుపైననే. గృహనిర్మాణ శాస్త్రమంతయు ఇందులో లేదు గాని, మన సీమ గృహస్థునకు ముఖ్యముగ కావలసిన పాఠ మిందున్నది.

ఈ పాఠము నిప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. 2024 మార్చి 11వ తేదీన భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున, సొంత స్థలము గల పేదవానికి ఇల్లు కట్టుకొనుటకై 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగ ఇచ్చుటకు ఏర్పాటైనది. ఇల్లు 400 చదరపుటడుగులకు తగ్గరాదు. తొలి దశలో నియోజకవర్గమునకు 3,500 ఇండ్లని లక్ష్యముగ ప్రకటించిరి. ఆ లెక్కను జుక్కల్ నియోజకవర్గమున మద్నూరు, బిచ్కుంద, పిట్లము, నిజాంసాగరు, జుక్కల్ మొదలగు మండలములన్నిటిలో కలిసి 14 లక్షల చదరపుటడుగులకు తక్కువ గాని కాంక్రీటు కప్పు లేవవలసియున్నది. ఒకసారి స్లాబు పోసిన పిదప అది ఒక తరముపాటు నిలుచును. దాని క్రింద పండుకొనువారు ఒక తరముపాటు ఉడుకవలయునా, ఊపిరి పీల్చుకొనవలయునా యను నిర్ణయము ఇప్పుడే జరిగిపోవుచున్నది. ఆ సంగతి ఎవరును నోటితో చెప్పుకొనుట లేదు.

మన పెద్దలు మందమైన మట్టిగోడలు పెట్టి, పైన దూలములు పరచి మట్టిమిద్దె వేసికొనిరి. కలిగినవారు గూనపెంకు కప్పుకొనిరి. అడుగున్నర, రెండడుగుల గోడలోనికి మధ్యాహ్నపు వేడి చొచ్చి లోపలి ముఖమునకు చేరుటకు అర్ధరాత్రి యగును. ఆ లోపల తలుపులు తెరచి రాత్రిగాలిని లోనికి రానిచ్చెదరు. సిమెంటు నెరుగని కౌలాసు కోటలో వేసవి పగలు రాతిగోడల నడుమ నిలిచి చూచినవారికి ఈ మాట వివరింప పనిలేదు. అయినను పాత యిండ్లకు మరలిపొండని మేమనము. ఏటేట మిద్దెకు మట్టి వేయుట, వాన పడినపుడెల్ల కురిసినచోట గిన్నెలు పెట్టుట, వాసములలో తేళ్లు, దినదినమును ఆడువారి నడుములు విరుగగొట్టు అలుకు — ఇవన్నియు నెరిగియే జనులు స్లాబును కోరుకొనుచున్నారు. ఈజిప్టు దేశమున హసన్ ఫతీ యను శిల్పి 1940వ దశాబ్దిలో గుర్నా గ్రామస్థులకై పచ్చియిటుకతో చల్లని, అందమైన ఇండ్లు కట్టించెను. ప్రపంచమెల్ల పొగడినది గాని, ఆ గ్రామస్థులలో ఎక్కువమంది వానిలో చేరనొల్లకపోయిరి. ఇంటివాని మనస్సునకు రాని ఇల్లు ఎంత చల్లనిదైనను ఖాళీగ పడియుండును.

స్లాబే కావలెనన్నచో స్లాబే కానిండు. దాని గుణమును మాత్రము తెలిసికొని పోయవలెను. నాలుగైదంగుళముల కాంక్రీటుపలక వేడి నాపజాలదు. పగలంతయు త్రాగిన యెండను ప్రొద్దు గ్రుంకినది మొదలు క్రిందనున్నవారిపై క్రమ్మరించును. అందుచేతనే రాత్రి పదిగంటలకు గదిలోకంటె వాకిట చల్లగ నుండును. పసిపిల్లలతో తల్లులు మంచములు బయట వేసికొందురు. పంకా తిరిగినకొలది ఆ వేడిగాలియే ముఖమునకు కొట్టును. కేంద్రప్రభుత్వపు విద్యుత్ పొదుపు సంస్థ 2018 డిసెంబరులో ప్రకటించిన ‘ఎకో నివాస్ సంహిత’ యను నివాసగృహ నియమావళి కప్పుగుండ వేడి పోవుటకు ఒక హద్దు పెట్టినది. ఏ పూతయు పొరయు లేని మన స్లాబు ఆ హద్దునకు సుమారు మూడింతల వేడిని లోనికి పంపును. కాని ఆ నియమావళి చూచునది 500 చదరపు మీటర్లును అంతకు మించినదియునైన నివేశనములనే. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్ 3వ తేదీన చల్లని కప్పుల విధానమును వెలువరించినది. దేశమున నిట్టి ప్రయత్నములలో ముందడుగని దానిని మేము మెచ్చుకొందుము. ఆ విధానము కూడ సొంత యిండ్ల విషయమున 600 చదరపు గజములవారికి తప్పనిసరి యని, అంతకు లోబడినవారికి ఐచ్ఛికమని గీత గీచినది. ఇందిరమ్మ ఇంటి 400 అడుగులు గజములలో లెక్కించిన నలుబదినాలుగు. శీతలయంత్రము పెట్టుకొనగలవానికి నియమము, విసనకర్ర తప్ప వేరు లేనివానికి ఇష్టము! నిర్బంధము కష్టమని పేదవానిని విడిచిరేమో; కాని విడిచినది నిర్బంధమునొక్కదానినే కాదు, చల్లదనమును కూడ.

చేయదగినది పెద్దపని కాదు. పాతబడి నల్లబారిన సిమెంటు కప్పు తనపై బడిన యెండలో ముప్పాతిక భాగమునకు దగ్గరగ మ్రింగును. శుభ్రముగ సున్నము వేసిన కప్పు సుమారు అంతే భాగమును ఆకాశమునకు త్రిప్పికొట్టును. అహమ్మదాబాదు నగరమున 2010 మే నెలలో వచ్చిన వడగాలికి సాధారణముగ నగు మరణములకంటె 1,300 పైగా ఎక్కువ సంభవించినవి. ఆ దెబ్బకు మేల్కొని 2013లో వారు వేసవి ప్రణాళిక వేసికొనిరి. 2017లో పేదల వాడలలో కప్పులకు తెల్లపూత మొదలుపెట్టిరి. ఆ సంవత్సరముననే మన హైదరాబాదు దేవరకొండ బస్తీలో కొన్ని చిన్న యిండ్లపై తెల్లపూత వేసి చూడగా, లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గినది. రెండు డిగ్రీలేనా యని నవ్వువారు జ్వరము వచ్చినపుడు రెండు డిగ్రీలు ఎంతయో తలచుకొందురుగాక.

కంపెనీ రంగులు కొనలేనివారికి సున్నమున్నది. ఉగాదికి ఇంటిగోడలకు సున్నము వేయుట మనకెటులను ఆచారమే. ఆ బకెట్టులో కొంత మిగిల్చి, జిగురు కలిపి, మిద్దెనెక్కి కప్పునకు రెండు పూతలు వేసినచో ఆ వేసవి గడచును. వానలకు కరగిపోవును, నిజమే. మరుసటి యుగాదికి మరల వేయవచ్చును. ఇంకను ఓపిక గలవారు స్లాబుపై కుమ్మరికుండలు వరుసగ బోర్లించి, సందులు పూడ్చి, పైన గచ్చు చేయించిన, నడుమ నిలిచిన గాలి వేడిని చాలవరకు అడ్డగించును. ఊరి కుమ్మరికిని పని దొరకును. అయితే ఆ బరువును స్లాబు మోయవలెను గాన మేస్త్రీతో ముందే చెప్పి ఇనుము వేయింపవలెను. గోడకు రాయి మన నల్లరేగడి చేలలోనే దొరకును. 1937 జనవరిలో గాంధీమహాత్ముడు తన ‘హరిజన్’ పత్రికలో ఆదర్శగ్రామమును వర్ణించుచు, ఇండ్లకు గాలి వెలుతురులుండవలెననియు, సామగ్రి అయిదుమైళ్లలోపల దొరకునదై యుండవలెననియు వ్రాసియుండిరి. ఇటుకబట్టీనుండి లారీ కిరాయి కట్టి తెచ్చుకొనువారు ఆ అయిదుమైళ్ల లెక్క యొకసారి వేసికొనిన మంచిది.

కిటికీల మాట క్లుప్తముగ చెప్పెదము. దక్షిణపు కిటికీకి అడుగున్నర సజ్జ చాలును. పడమట వ్రాలు సూర్యుని ఏ సజ్జయు ఆపజాలదు. ఆ దిక్కున కిటికీ తగ్గించి వేపచెట్టు నాటవలెను.

విద్యుత్తు సంగతి. 2024 మార్చినుండి గృహజ్యోతి క్రింద నెలకు 200 యూనిట్లలోపు వాడుకొను అర్హులకు బిల్లు లేదు. కావున పొదుపుతో మాకేమి పని యని కొందరనుచున్నారు. 200 దాటిన నెలలో మొత్తము వాడకమునకును చెల్లింపవలసియుండును; ఆ దాటుట జరుగునది సరిగా వేసవిలోనే. 75 వాట్ల పాతరకపు పంకాలు మూడు దినమునకు పండ్రెండు గంటలు తిరిగిన నెలకు 81 యూనిట్లు ఖర్చగును. 30 వాట్ల క్రొత్తరకమువైనచో 33 లోపల తీరును. మిగిలిన 48 యూనిట్లే యొక కుటుంబమును హద్దులోపల నిలుపవచ్చును. కొంచెము కలిగినవారు 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూడును ఆపైవానికి 78,000 రూపాయల సహాయము పొందవచ్చును. ఆ పలకలు మిద్దెకు నీడ నిచ్చుట అడుగని లాభము.

ఇక మేము కోరునది. నాలుగవ విడత సొమ్ము విడుదల చేయుటకు ముందు ఇంజినీరు గోడలు, తలుపులు చూచినట్లే మిద్దెనెక్కి కప్పు తెల్లబడినదో లేదో చూడవలెను. ఆ సున్నపు ఖర్చు పథకమునుండియే ఇవ్వవలెను. అంతవరకు వేచియుండక, ఈ సీమలోని ప్రతి గ్రంథాలయమువారును ఒక పని చేయవచ్చును. ఊరిలో నొక అంగన్‌వాడీ గదికో, పాఠశాలలో నొక తరగతికో ఉగాదినాడు తెల్లకప్పు వేయించి, ప్రక్కగదిని అట్లే వదలి, రెంటిలోను ఉష్ణమాపకములు వ్రేలాడదీయుదురుగాక. మధ్యాహ్నము మూడు గంటలకు, రాత్రి పది గంటలకు కనుపించు అంకెలను పఠనమందిరపు నల్లబల్లపై దినదినము వ్రాయుదురుగాక. మే నెలాఖరున ఆ పట్టికలను మాకు పంపినచో, ఊరిపేరుతో సహా ఈ పుటలోనే ప్రకటింతుము.