"స్థానిక చెఫ్" అంటే ఎవరు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

ఈ మధ్య మన ఏజెన్సీలో ఏ ఉత్సవం పెట్టినా లైవ్ కుకింగ్ పోటీ అని ఒకటి తగిలిస్తున్నారు. స్టేజీ మీద వరసగా గ్యాస్ స్టవ్‌లు, తెల్ల టోపీలు, మైకులో యాంకర్, వెనకాల "స్థానిక చెఫ్‌లకు సువర్ణావకాశం" అని ఫ్లెక్సీ. మొన్న ఒకదానికి మా హాస్టల్ నుంచి కొంతమందిమి వాలంటీర్లుగా వెళ్ళాం. ఎక్కడ, ఎవరు పెట్టారు అన్నది రాయం. ఒకరిని తిట్టడానికి కాదు ఈ పోస్టు. రేపు ఇంకోచోట కూడా ఇదే పద్ధతి నడుస్తది కాబట్టి పద్ధతి గురించే మాట్లాడతాం.

స్టేజీ మీద వండినవాళ్ళలో మన మనిషి ఒక్కరు లేరు. వంటకం మాత్రం మనదే, బొంగులో చికెన్. మరి మన అక్కలు ఎక్కడున్నారు? కింద ఎండలో థింసా ఆడుతున్నారు. కొత్త అతిథి కారు దిగినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి ఆడాలి. బొంగులు కొట్టి మోసుకొచ్చింది మన అన్నలు. వెనకాల గిన్నెలు తోమింది మన పిన్నులు. అడవి మనది, బొంగు మనది, ఆట మనది, చెఫ్ మాత్రం పట్నం హోటలాయన!

"మీవాళ్ళు ఎందుకు పేర్లు ఇవ్వలేదు?" అని మమ్మల్నే అడిగారు. రూల్స్ చూడండి. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే. ఫారం ఇంగ్లీషులో. హోటల్ అనుభవం ఎన్నేళ్ళు అని ఒక కాలమ్. వంట గ్యాస్ మీదే, 45 నిమిషాల్లో. ప్లేటు అలంకరణకి వేరే మార్కులు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్ళో మన అమ్మ ఈ ఫారం ఎట్లా నింపుద్ది? తలుపుకి తాళం వేసి, లోపలికి ఎందుకు రాలేదు అని అడిగినట్టుంది.

అసలు బొంగులో చికెన్ వండడం అంటే మసాలా కలపడం ఒక్కటే కాదు. మరీ లేత బొంగు కాకూడదు, ఎండిపోయింది అసలే కాకూడదు. ఒక పక్క కణుపు మూసి ఉండేలా కొట్టాలి. ముక్కలు కూరి మూతికి ఆకు కుక్కాలి. నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. నూనె వద్దు, నీళ్ళు వద్దు, పచ్చి బొంగులో ఉన్న తడికే మాంసం ఉడుకుద్ది. ఇది ఏ కాలేజీలోనూ చెప్పరు, మన ఇళ్ళల్లో చూసి నేర్చుకున్నదే. అక్కడ ఏం చేశారో తెలుసా? మూకుట్లో నూనె పోసి వేయించి, ఆఖర్న బొంగులో సర్ది తెచ్చారు. జడ్జీలు "ఆథెంటిక్ ట్రైబల్ టేస్ట్" అన్నారు, చప్పట్లు కొట్టారు.

పైగా మన తిండి అంటే అదొక్కటేనా? మన ఇళ్ళల్లో రోజూ కోడి ఉడుకుద్దా? చోడి అంబలి, సామన్నం, కొర్రలు, వెదురుకొమ్ముల కూర, అడవి దుంపలు, పనసపిక్కలు, ఇవి మనల్ని పెంచినవి. కొత్తల పండుగ చెయ్యకుండా కొత్త పంట నోట్లో పెట్టం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక పట్నంలో అందరికీ సామలు ఆరోగ్యం అయిపోయాయి. అంతకుముందు అదే సామన్నం తిన్నందుకు మనల్ని "అడవోళ్ళు" అన్నారు. మా హాస్టల్ ప్లేటులో ఇప్పటికీ అది కనపడదు.

"స్థానిక" అనే మాట దగ్గర మనం ఎందుకు గట్టిగా నిలబడాలో మనకి వేరే చెప్పాలా? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నెం. 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1/70 ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు, కానీ బినామీ మాట వినని ఊరు ఉందా? 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో ఉండే మనకి ఇచ్చింది. ఉద్యోగం, భూమి, వెదురు అయ్యాయి. ఇప్పుడు వంట పేరు కూడా పోతే ఇంక మిగిలేదేంటి, ఆటేనా?

కొందరు మనోళ్ళే అంటారు, "టూరిస్టులు వస్తే మనకే కదా లాభం, గొడవెందుకు?" అని. రోడ్డు పక్కన బొంగులు కాల్చి అమ్ముకునే మనోళ్ళు ఉన్నారు, కాదనం. కానీ గెలిచిన సర్టిఫికెట్ వేలాడేది హోటల్ గోడ మీద, కస్టమర్ పోయేదీ అక్కడికే. ఇంకొందరు "వంట ఎవడబ్బ సొత్తు?" అంటారు. వండుకోండి, అమ్ముకోండి, ఎవరు వద్దన్నారు? "స్థానిక", "ట్రైబల్" అని మన పేరు పెట్టి బహుమతి మీరు పట్టుకుపోవడం దగ్గరే మా పేచీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పండించేది ఆదివాసీ రైతులని అందరూ ఒప్పుకున్నారు. కాఫీకి ఒప్పుకున్నోళ్ళు కూరకి ఎందుకు ఒప్పుకోరు? ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సొంతంగా సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. తెల్ల టోపీ లేకుండానే చేస్తున్నారు.

పోటీ వద్దని మేం అనట్లేదు. ఇట్లా పెట్టమంటున్నాం:

1. "ట్రైబల్ వంట" పోటీలో వండేది ఆదివాసీలే అయ్యుండాలి.
2. పేర్లు సచివాలయంలో, సంతలో, తెలుగులో నోటితో చెప్పినా రాసుకోవాలి.
3. కట్టెల పొయ్యి, నిప్పులు, చాలినంత టైం ఇవ్వాలి.
4. జడ్జీల్లో సగం మంది మన ఊళ్ళ పెద్దమ్మలు ఉండాలి.
5. బొంగులకి, ఆటకి, గిన్నెలు తోమినదానికి రోజు కూలి అక్కడే చేతిలో పెట్టాలి.

వచ్చే ఉత్సవానికి ముందే ఈ ఐదూ రాసి ఐటీడీఏ పీవో గారికి ఇద్దాం. ఫారాలు నింపడం వచ్చిన మనం మన అమ్మల పేర్లు మనమే నింపుదాం. థింసా బృందాల అక్కలతో కూడా మాట్లాడదాం. స్టేజీ కింద ఆట కావాలంటే స్టేజీ మీద పొయ్యి కూడా ఇవ్వాలని వాళ్ళు ఒక్క మాట మీద ఉంటే చాలు.

మీ ఊళ్ళో బాగా వండే అమ్మలు ఎవరు, ఏం వండుతారు, ఊరు పేరుతో గ్రూపులో రాయండి. ఈ ఆదివారానికి లిస్టు తయారవ్వాలి.

జై ఆదివాసీ!