పైకోర్టు మెట్లు ఎవరివి?

కిందటి వేసవిలో ఒక సాయంకాలం మా కళాశాల విద్యార్థి ఒకడు మైపాడు దాపుల నున్న పట్టపుపాలెంలో తన మేనత్త ఇంటికి నన్ను తీసుకుపోయాడు. ఆమె భర్త తెల్లవారుజామున సైకిలుకు చేపలబుట్ట కట్టుకొని నెల్లూరు పోతుండగా, తాగి కారు నడిపిన డబ్బున్న కుర్రవాడొకడు గుద్ది చంపాడు. కింది కోర్టు ఏడాది శిక్ష వేసింది. ఆ సాయంత్రమే అతడు బెయిలు మీద ఇంటికి పోయాడు.

"ఈ శిక్ష చాలదని మేము పైకోర్టుకి పోవచ్చా సార్?" అని ఆమె అడిగింది.

"పోవడానికి లేదమ్మా."

"వాడు పోవచ్చా?"

"పోవచ్చు."

ఆమె మరి మాట్లాడలేదు. ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

తాగి బండి నడిపి మనిషిని చంపినవాడికి మన చట్టంలో రెండు ద్వారాలున్నాయి. ఒకటి నిర్లక్ష్యం: పాత శిక్షాస్మృతిలో 304-ఏ సెక్షను. దానికి గరిష్ఠంగా రెండేళ్లు. రెండవది, చావు సంభవిస్తుందని తెలిసీ చేసిన పని: 304 సెక్షను రెండవ భాగం. దానికి పదేళ్లు. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 106, 105 సెక్షన్లయినాయి. నిర్లక్ష్యానికి ఐదేళ్ల దాకా వేయవచ్చునన్నారు. అప్పీళ్ల పోరాటమంతా మొదటి ద్వారం గుండా బయటపడటానికే. శిక్ష మూడేళ్లకు మించకపోతే, అదివరకే బెయిలు మీదున్న ముద్దాయిని, అప్పీలు వేసుకుంటానంటే, శిక్ష వేసిన కోర్టే ఇంటికి పంపగలదు.

మరి చచ్చినవాడి కుటుంబానికో? 2009లో తెచ్చిన సవరణ బాధితులకు అప్పీలు హక్కు నిచ్చింది. ముద్దాయిని విడిచిపెడితే వేయవచ్చు, చిన్న నేరం కింద శిక్షిస్తే వేయవచ్చు, పరిహారం చాలదనీ వేయవచ్చు. శిక్ష చాలదని మాత్రం వేయరాదు. 2020లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఆ హక్కు ప్రభుత్వానిదే. ప్రభుత్వం నిద్రపోతే?

నిద్రపోతే ఏమవుతుందో చూడండి. 2006 నవంబరు 12 తెల్లవారుజామున బొంబాయి కార్టర్ రోడ్డులో పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న రోడ్డు కూలీల మీదికి అలిస్టర్ పెరీరా కారు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. ఆ తీర్పులో సాక్షుల పేర్లు చదవండి, తెలుగు కూలీల పేర్లు కనిపిస్తాయి. కింది కోర్టు వేసినది ఆరు నెలలు. 2007లో హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మూడేళ్లూ చాలా తక్కువే నన్నది. అయితే పెంచమని ప్రభుత్వం అప్పీలు వేయలేదు గనుక తాను కలగజేసుకోనన్నది. ఏడు శవాలకూ నోరు లేదు, నోరున్న ప్రభుత్వం పెదవి విప్పలేదు!

1999 జనవరిలో ఢిల్లీలో మాజీ నౌకాదళాధిపతి మనుమడు సంజీవ్ నందా కారు కింద ఆరుగురు చనిపోయారు. కింది కోర్టు 2008లో ఐదేళ్లు వేసింది. మరుసటి ఏడు హైకోర్టు దాన్ని నిర్లక్ష్యమని రెండేళ్లకు దించింది. 2012లో సుప్రీంకోర్టు పెద్ద నేరాన్నే తిరిగి నిలబెట్టి, జైలు మాత్రం అనుభవించినంత చాలునన్నది; యాభై లక్షలు కట్టమనీ, రెండేళ్లు సమాజసేవ చేయమనీ చెప్పింది. ఈలోగా ముద్దాయి తరపు న్యాయవాదీ, ప్రభుత్వ న్యాయవాదీ ఒక సాక్షితో నడిపిన మంతనాలు 2007లో టెలివిజన్‌లో బయటపడ్డాయి. పదమూడేళ్లు కేసు సాగదీయడానికి ఎంత ఆస్తి కావాలో పట్టపుపాలెంలో అడగండి.

కొందరు మిత్రులంటారు: "జైళ్లు పెంచమనడం అభ్యుదయవాదుల పనా? రేపు ఆ కఠినచట్టం లారీ డ్రైవరు మెడకే కదా చుట్టుకొనేది?" ఈ భయం నిరాధారం కాదు. గుద్ది పారిపోయినవారికి పదేళ్ల శిక్ష అన్నప్పుడు, 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె కట్టారు. ఆ నిబంధన అమలును ప్రభుత్వం నిలిపివేయవలసి వచ్చింది. కృష్ణపట్నం రేవుకు రాత్రింబగళ్లు సరుకు తోలే డ్రైవరుకు పదమూడేళ్లు వాదించే వకీలు దొరకడు. నేనడిగేది శిక్ష పొడవు గురించి కాదు. మెట్లు ఎక్కే హక్కు ఇద్దరికీ సమానంగా ఉండాలంటున్నాను. ఆ సమానత్వం డ్రైవరుకు ఉచిత న్యాయసహాయమై, బెస్తస్త్రీకి అప్పీలు హక్కై రావాలి.

ఇక "తాగుబోతుల్ని ఉరితీయండి" అని కేకలు వేసే పెద్దమనుషులున్నారు. సీసా అమ్మినదెవరని వారు అడగరు. ఈ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణాల మీదికి పోయారు. ఆ ఉద్యమం ఫలితంగానే 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. రాబడి కోసం 1997లో దాన్ని ఎత్తివేశారు. జాతీయ రహదారులకు అయిదువందల మీటర్ల లోపల మద్యం అమ్మరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడే పురపాలక ప్రాంతాలకు మినహాయింపు లభించింది. 2019 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. అమ్మినవాడే అప్పీలు వేయవలసినవాడు. అతని నిద్రకు కారణం ఇంకా వెతకాలా?

కాబట్టి విద్యార్థులారా, ఉపాధ్యాయ మిత్రులారా, అడగవలసినవి మూడు. శిక్ష చాలదని అప్పీలు వేసే హక్కు బాధితులకు ఇవ్వాలి. ప్రమాదం జరిగిన వెంటనే రక్తపరీక్ష జరగాలి. గంట గడిచిన కొద్దీ నెత్తుటిలో మద్యం తగ్గిపోతుంది, దానితో సాక్ష్యమూ తగ్గిపోతుంది. ఇచ్చిన పరిహారం శిక్షకు వెల కాకూడదు.

ఆమె ప్రశ్నకు ఈనాటికీ నా జవాబు "లేదమ్మా" అనే. ఆ మాట మార్చడం నా ఒక్కడివల్ల అయ్యే పని కాదు.