ఇంట్లో కారు ఛార్జరు: ప్లగ్గు పెట్టాలా, నేరుగా బిగించాలా?

విద్యుత్ కార్ల మీద ఫెడరల్ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన పన్ను రాయితీలకి 2025 జూలై 4న సంతకమైన చట్టం ముగింపు పలికింది. కొత్త కారుకి వచ్చే 7,500 డాలర్లు అదే ఏడు సెప్టెంబరు 30తో ఆగిపోయాయి. ఇంట్లో ఛార్జరు పెట్టించుకుంటే ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు వెనక్కి వచ్చే రాయితీకి 2026 జూన్ 30 గడువు పెట్టారు. ఆ తేదీ దాటాక అమర్చిన వాటికి పైసా రాదు. ఈ రెండోది మనవాళ్ళలో చాలామందికి అంతకుముందు కూడా దక్కలేదనుకోండి. 2023 నుంచి అది తక్కువ ఆదాయం ఉన్న ప్రాంతాలకీ, పట్టణాల కిందకి రాని ప్రాంతాలకీ మాత్రమే పరిమితమైంది. డాలస్ ఉత్తరాన మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న సబ్ డివిజన్లు చాలావరకు ఆ లెక్కలోకి రావు.

రాయితీ లేదంటే ఖర్చంతా మన జేబులోంచే. అందుకే ఈమధ్య నన్ను ఎవరు అడిగినా ఒకే ప్రశ్న: "గరాజ్‌లో ఒక 240 వోల్టుల సాకెట్టు పెట్టించుకుని ప్లగ్గు ఛార్జరు వాడుకుంటే చవకా, లేక గోడకి నేరుగా వైరింగు చేయించి పెట్టె బిగించుకోవాలా?" నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్నే గాని, ఇక్కడ ఎమ్మెస్ చేసింది ఎలక్ట్రికల్లో. ఆ ధైర్యంతోనే నాలుగు మాటలు రాస్తున్నాను. సొంత ఇల్లయితే నేరుగా బిగించుకోండి, అదీ తక్కువ ఆంపులకి. ప్లగ్గు చవక అన్న మాట లెక్క వేసి చూస్తే నిలవడం లేదు.

ముందుగా ఒక చిన్న విషయం. మనం ఛార్జరు అని పిలిచే పెట్టె నిజానికి ఛార్జరు కాదు. బ్యాటరీని నింపే అసలు ఛార్జరు కారులోనే ఉంటుంది. గోడ మీది పెట్టె ఒక తెలివైన స్విచ్ లాంటిది, అంతే. ఎన్ని ఆంపులు తీసుకోవచ్చో కారుకి చెబుతుంది, తేడా వస్తే కరెంటు ఆపేస్తుంది. కాబట్టి ప్లగ్గు రకమైనా, బిగించే రకమైనా పెట్టె చేసే పని ఒకటే. తేడా అంతా పెట్టెకీ ఇంటి వైరింగుకీ మధ్య ఉన్న అతుకులోనే.

ప్లగ్గు రకానికి సాధారణంగా వాడేది నెమా 14-50 సాకెట్టు. వంటింటి ఎలక్ట్రిక్ పొయ్యి వెనకా, ఆర్వీ పార్కుల్లోనూ కనిపించేది అదే. పొయ్యి కరెంటుని విడతలు విడతలుగా తీసుకుంటుంది, కాసేపు వేడెక్కి ఆగుతుంది. కారు అలా కాదు, గంటల తరబడి ఒకే ధాటిగా లాగుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో పది పదిహేను డాలర్లకి దొరికే సాకెట్టు ఆ పొయ్యి కోసం చేసినది. లోపల స్ప్రింగు పట్టు సడలినా, వైరు బిగించిన స్క్రూ కాస్త వదులైనా అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి పట్టు ఇంకా సడలుతుంది. మాకు తెలిసిన ఒకాయన ఇంట్లో ఏడు నెలలకే సాకెట్టు గోధుమ రంగుకి తిరిగి, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. బ్రేకరు మాత్రం పడలేదు. ఎందుకు పడుతుంది? కరెంటు దాని హద్దు దాటలేదు, 40 ఆంపులే పోతోంది. అతుకు దగ్గర పుట్టే వేడి బ్రేకరుకి తెలియదు. ఆ గరాజ్ మీదనే వాళ్ళ పిల్లల పడకగది.

మంచి సాకెట్లు లేకపోలేదు. హబ్బెల్, బ్రయాంట్ లాంటి కంపెనీల పారిశ్రామిక రకం సాకెట్లు ఈ పనికి ఆగుతాయి, ధర మాత్రం చవక రకానికి ఎన్నో రెట్లు. దానికి తోడు ఇంకో ఖర్చుంది. నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 2020 కూర్పు నుంచి గరాజ్‌లో పెట్టే 240 వోల్టుల సాకెట్టుకి కూడా జీఎఫ్‌సీఐ రక్షణ తప్పనిసరి చేసింది. ఆ రకం బ్రేకరు మామూలు బ్రేకరు కంటే చాలా ఖరీదు. పైగా అది దాదాపు 5 మిల్లీ ఆంపుల లీకేజీకే పడిపోతుంది. ఛార్జరు పెట్టెలో తనదైన రక్షణ వేరే ఉంటుంది, అది 20 మిల్లీ ఆంపుల దగ్గర పనిచేస్తుంది. ఒకే గుమ్మానికి ఇద్దరు కాపలాదార్లు, అందులో బయటివాడికి అనుమానం ఎక్కువ. అర్ధరాత్రి రెండింటికి బ్రేకరు పడిపోతుంది, తెల్లారి ఆఫీసుకి బయల్దేరబోతే కారు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

నేరుగా బిగించే పెట్టెకి సాకెట్టే లేదు కాబట్టి ఆ ఖర్చు లేదు, ఆ అతుకూ లేదు. 2023 కూర్పు వరకూ కోడ్ దానికి విడిగా జీఎఫ్‌సీఐ బ్రేకరు అడగలేదు. (ఏ కూర్పు అమల్లో ఉందన్నది రాష్ట్రానికీ ఊరికీ మారుతుంది. సిటీ పర్మిట్ ఆఫీసుకి ఒక ఫోను చేస్తే చెబుతారు.) మంచి సాకెట్టూ, ఖరీదైన బ్రేకరూ కలిపి లెక్క వేస్తే ప్లగ్గు రకమే ఎక్కువ అవుతుంది. ప్లగ్గు చవక అని కొటేషన్ వచ్చిందంటే అందులో ఆ రెండింట్లో ఒకటి లేదన్నమాట. అడిగి చూడండి.

ఇక ఆంపుల సంగతి. ఇక్కడ మనవాళ్ళకి కొంచెం పెద్ద నంబర్ల మోజు ఉంది. గంటల తరబడి నడిచే లోడుకి సర్క్యూట్ సామర్థ్యంలో 80 శాతమే వాడాలన్నది నియమం. అంటే 50 ఆంపుల సాకెట్టు మీద 40, దాదాపు 9.6 కిలోవాట్లు. నేరుగా బిగిస్తే 60 ఆంపుల సర్క్యూట్ మీద 48, అంటే 11.5 కిలోవాట్లు. "ఎలాగూ బిగిస్తున్నాం కదా, 48 పెట్టేద్దాం" అంటారు. కాని రోజూ ఫ్రిస్కో నుంచి అర్వింగ్ వెళ్ళివచ్చే మనిషి 60 మైళ్ళు నడిపాడనుకున్నా, వృథా కలుపుకుని 20 యూనిట్లు చాలు. 32 ఆంపులకి అది రెండున్నర గంటల పని. 16 ఆంపులకైనా అయిదు గంటలు. టెక్సాస్‌లో కొన్ని కంపెనీలు ఇచ్చే రాత్రి ఉచిత కరెంటు పథకంలో ఉన్నా, ఎనిమిది గంటల్లో 32 ఆంపుల పెట్టె 60 యూనిట్ల పైనే నింపుతుంది. హైదరాబాదులో విద్యుత్ కారు కొన్న మా బంధువు ఒకాయన గీజరుకి పెట్టే 15 ఆంపుల ప్లగ్గుతోనే రాత్రంతా ఛార్జి చేసుకుంటాడు. అక్కడ ఇంటి కరెంటే 230 వోల్టులు కాబట్టి అది ఇక్కడి 120 వోల్టుల ప్లగ్గు కంటే రెట్టింపు పైన ఇస్తుంది. 48 ఆంపుల మాట ఆయన ముందు ఎత్తితే నవ్వుతాడు.

48కి వెళ్ళినప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఇళ్ళలో మామూలుగా లాగే 6 గేజి రోమెక్స్ కేబులుని 55 ఆంపుల దాకానే లెక్కిస్తారు. 48 ఆంపులు గంటల తరబడి పోవాలంటే 60కి సరిపడా వైరు కావాలి. అంటే 4 గేజి రోమెక్స్ గాని, పైపులో లాగిన 6 గేజి విడి వైర్లు గాని ఉండాలి. తొందరపడే మనుషులు దీన్ని పట్టించుకోరు. 40కో 32కో దిగితే ఈ బాధ లేదు. అతుకుల దగ్గర వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 40 నుంచి 32కి దిగితే ఆ వేడి 36 శాతం తగ్గుతుంది కూడా. ఇప్పటికే ప్లగ్గు రకం వాడుతున్నవాళ్ళకి ఇది ఖర్చులేని మందు. చాలా కార్లలో స్క్రీను మీదనే ఆంపులు తగ్గించుకోవచ్చు. గంటసేపు ఛార్జి అయ్యాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, పట్టుకోలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ప్లగ్గు వైపు మొగ్గేవాళ్ళు చెప్పే అసలు కారణం మాత్రం ఖర్చు కాదు. "వీసా మీద ఉన్నాం, రేపు ఎక్కడుంటామో తెలీదు, ఊడబీకి పట్టుకుపోవచ్చు కదా" అంటారు. ఉద్యోగం పోతే 60 రోజులు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన వారం మన ఇళ్ళలో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని ఖర్చులో పెద్ద భాగం పెట్టె కాదు, ప్యానెల్ నుంచి గరాజ్ దాకా లాగే వైరూ, బ్రేకరూ, కూలీ. అది ఏ రకమైనా ఇంటితోనే ఉండిపోతుంది. బిగించిన పెట్టెని విప్పడం ఎలక్ట్రీషియన్‌కి చిన్న పని. ఊరు మారేటప్పుడు ప్లగ్గు వల్ల మిగిలేది ఆ ఒక్క పిలుపు ఖర్చే. దానికోసం ఉన్నన్నాళ్ళూ పిల్లల గది కింద ఆ అతుకుని పెట్టుకోవడం నాకు గిట్టుబాటుగా తోచదు.

అద్దె ఇళ్ళవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ప్లగ్గే సరైనది. డ్రయర్ సాకెట్టు 30 ఆంపులదైతే 24కి మించి లాగకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే అడాప్టరు తగిలించి 40 ఆంపుల పెట్టెని దానికి కలపడం నేను చూసిన పనుల్లోకెల్లా భయపెట్టేది. సాకెట్టుని బట్టి ఆంపులు తనే తగ్గించుకునేలా, కంపెనీయే ఇచ్చే అడాప్టరుతో వచ్చే మొబైల్ ఛార్జర్లున్నాయి, అవి తీసుకోండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి అదనంగా ఒక వెసులుబాటు ఉంది. సొంత ఖర్చుతో ఛార్జరు పెట్టుకుంటామని అద్దెదారు రాతపూర్వకంగా అడిగితే, కొన్ని షరతులకి లోబడి యజమాని ఒప్పుకోవాలని అక్కడి చట్టం.

చివరిగా, వాట్సాప్ గ్రూపుల్లో "మన మనిషే, పర్మిట్ లేకుండా సగం ధరకి చేస్తాడు" అని తిరిగే ఫోన్ నంబర్ల గురించి. ఎవరైనా సరే, రెండు ప్రశ్నలు అడగండి. ఇంటి మొత్తం లోడు లెక్క వేసి చూపిస్తారా? స్క్రూలు టార్క్ రెంచితో తయారీదారు చెప్పినంత బిగిస్తారా? రెండోది 2017 నుంచి కోడ్‌లోనే ఉన్న మాట. ఆ ప్రశ్నకి నవ్వేసి "చేత్తో తెలుస్తుందండీ" అన్న ఇద్దరిని నేను గుమ్మం దగ్గరనుంచే పంపించాను. మూడో ఆయన రెంచి తెచ్చాడు, ధర 200 డాలర్లు ఎక్కువ చెప్పాడు. ఆయనకే ఇచ్చాను.