బొమ్మైతే కళ, మాటైతే బూతా?

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

పోయిన సంచికకు మన జూనియర్ అమ్మాయి ఒకరు కవిత పంపింది. హాస్టల్ అద్దంలో తనను తాను చూసుకోవడం గురించి. ఏడో తరగతి నుంచి "చున్నీ సరిగ్గా వేసుకో" అని విని విని, భుజాలు ముందుకు ముడుచుకుని నడవడం అలవాటైపోయిన ఒంటి గురించి. అందులో "రొమ్ము" అనే మాట రెండుసార్లు వచ్చింది. ఎడిటింగ్ టీమ్‌లో ఉన్న నేను "ఆ మాట తీసి గుండె అని పెట్టు, సార్‌వాళ్లు కూడా చదువుతారు" అని మెసేజ్ పెట్టాను. తను మాట మార్చలేదు. కవితే వెనక్కి తీసుకుంది.

అదే సంచిక కవర్ మీద మనం వేసిందేమిటో గుర్తుందా? రామప్ప గుడి మదనిక. ఒంటి మీద నగలే తప్ప బట్ట పెద్దగా లేదు. "కవర్ అదిరింది" అని గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ హార్ట్ పెట్టాను. ఈ రెండూ ఒకే వారంలో చేశానని చాలా రోజుల తర్వాత గానీ నాకు వెలగలేదు.

రామప్ప మదనికల మీద నాకు కోపం లేదు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, చూరు కింద ఆ నల్లరాతి బొమ్మల్ని చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. నా ప్రశ్నల్లా ఒక్కటే. ఆడదాని ఒళ్లు మగవాడు చెక్కితే శిల్పం, వర్ణిస్తే ప్రబంధం, గీస్తే పెయింటింగ్ అయినప్పుడు, అదే ఒంటి గురించి ఆ ఒళ్లున్న మనిషి మాట్లాడితే బూతు ఎలా అవుతుంది?

ఇది మన కాలేజీలో పుట్టిన గొడవ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని "రాధికా సాంత్వనం" రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని మళ్లీ అచ్చు వేయిస్తే పెద్ద దుమారం లేచింది. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. అంతకుముందే వీరేశలింగం అంతటివారు ఆ కావ్యాన్ని తప్పుపట్టారు, ఆడదై ఉండి ఇలా రాయడమేంటని. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు ఉండక్కర్లేదా అని నాగరత్నమ్మ ఎదురు అడిగింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం పోయింది. మగ కవుల ప్రబంధాల్లో శృంగారం అంతకు తక్కువేం లేదు. అవి మాత్రం పాఠాలయ్యాయి.

ఎనభైల్లో స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడూ ఇదే కథ. జయప్రభ "చూపులు", "పైటను తగలెయ్యాలి" రాసింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్" రాసింది. పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్" రాసింది. కొందరు విమర్శకులు వీటిని "నీలి కవితలు" అన్నారు. నీలి సినిమాల్లో నీలి అన్నమాట. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన సంకలనం పేరేమిటో తెలుసా? "నీలిమేఘాలు". తిట్టిన రంగునే ఆకాశానికి ఎత్తేశారు. ఆ పేరు చూస్తే నాకు ఇప్పటికీ నవ్వూ ధైర్యమూ రెండూ వస్తాయి.

ఇక్కడి నుంచి హైవే పట్టుకుని కర్నూలు వైపు వెళ్తే అలంపురం వస్తుంది. అక్కడి మ్యూజియంలో లజ్జాగౌరి విగ్రహం ఉంది. నగ్నంగా, ప్రసవించే భంగిమలో ఉన్న దేవత. తల ఉండాల్సిన చోట తామరపువ్వు. పిల్లలు కావాలని ఆడవాళ్లు మొక్కుకున్న దేవత. నన్ను ఆపేసింది ఆ తామరపువ్వే. ఆమెకు ఒళ్లంతా ఉంది, నోరు మాత్రం లేదు. ప్రసవం రాతిలో ఉంటే దండం పెట్టాం. నొప్పులు పడ్డ మనిషి నోరు తెరిచి "లేబర్ రూమ్" అని రాస్తే ఛీ అన్నాం. తేడా బట్టల్లో లేదు, నోట్లో ఉంది.

బయట దేశాల్లో కూడా లెక్క ఇలాగే ఉంది. 1989లో గెరిల్లా గర్ల్స్ అనే కళాకారిణుల బృందం న్యూయార్క్ మెట్ మ్యూజియం గురించి ఒక పోస్టర్ వేసింది. ఆధునిక కళ విభాగాల్లో ఆడ ఆర్టిస్టులు 5 శాతం లోపు, నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం ఆడవాళ్లవే. గోడ మీద చోటుంది, సంతకం పెట్టడానికి లేదు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పైటను తగలెయ్యాలి అన్న మాట అందరు ఆడవాళ్ల మాటా కాదు. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవిత చదివాక నాకు అది అర్థమైంది. కష్టం చేసుకునే మనిషికి కొంగు చెమట తుడుచుకునే గుడ్డ, మూట, పక్క. ఒంటి మీద బట్ట కప్పుకునే హక్కు కోసమే తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడారు, 1859లో గానీ రాజు దిగిరాలేదు. మన రావిర్యాల చుట్టుపక్కల బిల్డింగుల దగ్గర చీర మీద మగవాళ్ల షర్టు వేసుకుని ఇటుకలు మోసే అక్కల్ని రోజూ చూస్తాం కదా. ఆ షర్టు ఎండకా, దుమ్ముకా, చూపులకా? వాళ్లు కవిత రాస్తే ఏం రాస్తారో మనం ముందే చెప్పలేం. చెప్పకూడదు కూడా. కప్పుకుంటుందా, విప్పుతుందా అన్నది కాదు సంగతి, ఆ మాట ఎవరు అంటున్నారన్నదే.

"మరి రేపు ఎవరైనా బూతులు రాసి కవిత్వం అంటే వేసేస్తామా?" అని మా టీమ్‌లో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. కవిత బాగోలేకపోతే బాగోలేదని చెబుదాం, వెనక్కి పంపుదాం. ఒక్క మాటను చూసి భయపడి మాత్రం పంపొద్దు. నేను ఆ రోజు కవితను చూడలేదు, మాటను చూశాను. తుక్కుగూడలో బస్సు కోసం నిలబడ్డప్పుడు నా మీద పడే చూపుకీ, ఆ రోజు నేను ఆ కవితను చూసిన చూపుకీ పెద్ద తేడా లేదు. రెండూ మనిషిని వదిలేసి ఒక్క చోటే ఆగాయి. నేనూ ఆడపిల్లనే అన్నది ఇంకా సిగ్గుగా ఉంది.

అందుకే ఆ జూనియర్‌కు మొన్న సారీ చెప్పాను. కవిత మళ్లీ పంపమని అడిగాను. "ఆలోచిస్తా అక్కా" అంది. పంపితే, రెండు రొమ్ములతో సహా వేద్దాం. పంపకపోతే ఆ పేజీ ఖాళీ నా వల్లేనని ఈ సంచికలో రాసి ఉండాలి. అందుకే రాశాను.